కొలాజెన్ డబ్బా కొనేముందు ఒకసారి వెనక్కి తిప్పండి

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా పిన్ని ఒక కొలాజెన్ పొడి డబ్బా తెచ్చి మా మందుల షాపు కౌంటర్ మీద పెట్టింది. డల్లాస్‌లో ఉంటున్న మా చెల్లెలు, అంటే పిన్ని కూతురు, పండక్కి వస్తున్న వాళ్ళెవరితోనో పంపించిందట. తెల్ల డబ్బా, నీలం మూత, ముందు వైపు నిగనిగలాడే బుగ్గలతో ఒక అమ్మాయి బొమ్మ. "మూడు వారాల నుంచి రోజూ మజ్జిగలో కలుపుకుని తాగుతున్నానే. మోకాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండు చెంచాలు వేసుకోమంటావా?" అని అడిగింది.

నేను డబ్బా వెనక్కి తిప్పాను. చిన్న అక్షరాల్లో "బొవైన్ హైడ్" అని ఉంది. అంటే పశువు తోలు. పిన్ని చేపలు తింటుంది, కోడి తింటుంది. గొడ్డు మాంసం మాత్రం పుట్టి బుద్ధెరిగాక ముట్టలేదు. చెప్పాలా, ఊరుకోవాలా అని కాసేపు తటపటాయించాను. ఒంట్లోకి ఏం పోతోందో తెలుసుకునే హక్కు ఆమెకుంది కదా అని చెప్పేశాను. పిన్ని ఏమీ అనలేదు. స్టూలు మీద కూర్చుని, కొంగుతో మూతి తుడుచుకుని, మంచినీళ్ళు అడిగింది.

చెల్లెలి తప్పేమీ లేదు. అమ్మ నొప్పి తగ్గాలని ఆశపడి పంపింది. మన దేశంలో అమ్మే డబ్బా మీద శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమరంగు త్రికోణం ఉంటాయి. అమెరికా డబ్బాల మీద ఆ గుర్తులుండవు. సూట్‌కేసులో వచ్చిన డబ్బాకి ఇక్కడి దిగుమతిదారు స్టిక్కరూ ఉండదు. చదివితేనే తెలుస్తుంది, పిన్నికేమో ఆ ఇంగ్లీషు చదవడం రాదు.

తెనాలిలో మా మందుల షాపు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఒకప్పుడు కొలాజెన్ అన్న మాట కీళ్ళ డాక్టర్ల చీటీల్లోనే కనబడేది. ఇప్పుడు పెళ్ళి కుదిరిన అమ్మాయిలు అడుగుతున్నారు, జుట్టు ఊడుతోందని కాలేజీ పిల్లలు అడుగుతున్నారు, మోకాళ్ళ కోసం అమ్మమ్మలు అడుగుతున్నారు. అందరికీ కౌంటర్ దగ్గర నిలబెట్టి ఇంత కథ చెప్పే తీరిక ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జడలా అల్లిన ప్రొటీను

మన ఒంట్లో ఉన్న ప్రొటీన్లో దాదాపు మూడో వంతు కొలాజెనే. చర్మానికి బిగువు, ఎముకకు పట్టు, కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్లు, కీళ్ళలో ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి (గుజ్జు అంటాం కదా, అదే), రక్తనాళాల గోడలు, చిగుళ్ళు, అన్నిట్లోనూ ఉండేది అదే. ఇప్పటికి ఇరవై ఎనిమిది రకాలు గుర్తించారు. మనకు గుర్తుండాల్సినవి మూడు. మొదటి రకం చర్మంలో, ఎముకలో, టెండన్లలో ఉంటుంది. రెండోది కీళ్ళ మృదులాస్థిలో ఉంటుంది. మూడోది మొదటి రకంతో కలిసి చర్మంలో, రక్తనాళాల్లో ఉంటుంది.

దాని ఆకారం అర్థం కావాలంటే మూడు పాయల జడని తలుచుకోండి. ఒక్కో పాయ పూసల దండ లాంటిది. ఆ పూసలే అమైనో ఆమ్లాలు. ప్రతి మూడో పూస గ్లైసిన్. అమైనో ఆమ్లాలన్నిట్లోకీ చిన్నది అదే. మూడు పాయలు మెలిపడేటప్పుడు లోపలి వైపుకి వచ్చే పూస చిన్నదైతేనే జడ బిగుస్తుంది.

ఈ జడని మొదట పట్టుకున్నది ఎక్కడో విదేశాల్లో కాదు, మద్రాసులో. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కొలాజెన్‌ది మూడు పేటల నిర్మాణమని నేచర్ పత్రికలో ప్రకటించారు. వాళ్ళకి కొలాజెన్ నమూనాలు ఇచ్చింది అదే ఊళ్ళోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ. నీరు పోగా తోలులో ఎక్కువ భాగం కొలాజెనే మరి. పచ్చి తోలుని పదును చెయ్యడమంటే ఆ జడల మధ్య అడ్డంగా ముడులు వేసి కుళ్ళకుండా నిలబెట్టడం. ఆ సంస్థకి 1958లో డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ గారు మా తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టినవారు. 1985లో ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానం పేలిపోయినప్పుడు ఆయన అందులో ఉన్నారు. ఆ సంస్థలోని పెద్ద సభామందిరానికి ఇప్పటికీ ఈ మూడు పేటల జడ పేరే ఉంది, ట్రిపుల్ హీలిక్స్ అని. కొలాజెన్ పేరు ఎవరెత్తినా నాకు ఈ విషయం చెప్పాలనిపిస్తుంది.

సరే, జడ అల్లడం ఒక్కటే చాలదు, అది విడిపోకుండా నిలవాలి. అందుకు ప్రొలైన్ అనే పూసలకి ఒక చిన్న మార్పు జరగాలి. ఆ మార్పు చేసే ఎంజైముకి విటమిన్ సి కావాలి. సి లేకపోతే అల్లిన జడ మన ఒంటి వేడికే విడిపోతుంది. నెలల తరబడి సముద్రం మీద ఉండే పాతకాలపు నావికులకి చిగుళ్ళు ఉబ్బి నెత్తురు కారడం, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ తెరుచుకోవడం దీనివల్లే. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజలు, నిమ్మకాయలు ఇచ్చి చూసి వాళ్ళని లేపి నిలబెట్టాడు. ఇక ఒక జడని ఇంకో జడతో ముడివెయ్యడానికి కావలసింది రాగి. అది నువ్వుల్లో, జీడిపప్పులో బాగా ఉంటుంది.

ఈ మాటలు మర్చిపోకండి. డబ్బా ఎంత ఖరీదైనదైనా, తిండిలో సి లేకపోతే ఒళ్ళు జడ వెయ్యలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 65 మిల్లీగ్రాములు, మగవాళ్ళకి 80 మిల్లీగ్రాములు చాలు. ఒక మాదిరి జామకాయతో అది వచ్చేస్తుంది. ఉసిరికాయ ఇంకా మేలు. రెండు చెక్కల నిమ్మరసం పప్పు మీద పిండుకున్నా కొంత వస్తుంది. అయితే పిండేది పొయ్యి దించాకే, ఎందుకంటే ఉడికితే సి పోతుంది.

ఎక్కడ కారిపోతోందో ముందు చూడండి

కొలాజెన్ వయసుతో తగ్గుతుంది. చర్మంలో ఏడాదికి దాదాపు ఒక శాతం చొప్పున తరుగుతుందని అంచనా. ఆడవాళ్ళకి ముట్లు ఆగిన తర్వాత మొదటి అయిదేళ్ళలో చర్మంలోని కొలాజెన్ ముప్పై శాతం దాకా తగ్గుతుంది. యాభై దాటిన వదినలు "ఉన్నట్టుండి ముఖం జారిపోయింది" అని అనడం ఊరికే అనుకునే మాట కాదు. అది నిజంగానే జరుగుతుంది.

వయసుని ఆపలేం. మిగతా చిల్లులు పూడ్చవచ్చు. అన్నిటికంటే పెద్ద చిల్లు ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో కొలాజెన్‌ని కోసే ఎంజైములని రేపుతాయి. నా మాట నమ్మకపోతే మీ చెయ్యి చాపి, ముంజేతి పైవైపు చర్మాన్నీ లోపలి వైపు చర్మాన్నీ పక్కపక్కన చూసుకోండి. రెండింటి వయసూ ఒకటే. పైదానికి మచ్చలు, గరుకు, ముడతలు ఉంటాయి, లోపలిది పాప చెయ్యిలా ఉంటుంది. స్కూటీ మీద గుంటూరు దాకా రోజూ వెళ్ళొచ్చే అమ్మాయిలు నెలకి రెండు వేలు కొలాజెన్‌కి పెట్టి, సన్‌స్క్రీన్ రాసుకోకుండా వెళ్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ముందు సన్‌స్క్రీన్ కొనండమ్మా, చున్నీ చుట్టుకోండి, ఆ తర్వాతే డబ్బా సంగతి.

సిగరెట్లు ఇంకో చిల్లు. అదుపులో లేని షుగరు మరో చిల్లు. రక్తంలో ఎక్కువైన గ్లూకోజు కొలాజెన్ పోగులకి అంటుకుని వాటిని బిరుసెక్కిస్తుంది. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) తొమ్మిది శాతం దగ్గరుండి, తియ్యటి కొలాజెన్ పొడి తాగితే ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో పారబోసినట్టే.

చివరిది, చాలామంది గమనించనిది, అసలు ప్రొటీన్ చాలకపోవడం. కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు తినాలని పోషకాహార సంస్థ లెక్క. యాభై అయిదు కిలోల మనిషికి నలభై ఆరు గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పచ్చడన్నం, చారన్నం, రాత్రి ఉప్మా తినే పిన్నిని కూర్చోబెట్టి లెక్కేస్తే ముప్పై కూడా రాలేదు. కొలాజెన్ ఈ లోటు తీర్చదు, ఎందుకంటే అది అసంపూర్ణ ప్రొటీను. ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం అందులో లేదు. గుడ్డు, పప్పు, పెరుగు, చేప స్థానంలోకి కొలాజెన్ రాలేదు.

జుట్టు ఊడుతోందని వచ్చేవాళ్ళకి నేను డబ్బా చూపించను. ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ చూపించుకోమంటాను. మోకాలు వాచి వేడిగా ఉన్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా, మడత దగ్గర పట్టేసి కదలకపోయినా, జ్వరం ఉన్నా నేరుగా డాక్టరు దగ్గరికే.

తాగింది మోకాలికి చేరుతుందా

మా అత్తగారు మేకకాళ్ళ సూప్ పెడతారు. కాళ్ళు నిప్పుల మీద కాల్చి, బొచ్చు గీకి, పసుపు రాసి కడిగి, మిరియాలు, ధనియాలు, అల్లం వేసి మూడు గంటలకి తక్కువ కాకుండా సన్న మంట మీద ఉంచుతారు. హైదరాబాదులో పొద్దున్నే తినే పాయా కూడా ఇదే దారి. మిగిలిన సూప్ ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గట్టిపడుతుంది. గిన్నె వంచినా కారదు, గరిటె గుచ్చితే నిలబడుతుంది, కదిపితే వణుకుతుంది. తోలులో, టెండన్లలో ఉన్న కొలాజెన్ జడ వేడికి విడిపోయి, చల్లారాక చిక్కుపడి ముద్దకట్టడమే అది. దాన్నే జెలటిన్ అంటాం.

అదే జెలటిన్‌ని ఎంజైములతో ఇంకా ముక్కలు చేస్తే హైడ్రలైజ్డ్ కొలాజెన్, అంటే కొలాజెన్ పెప్టైడ్లు వస్తాయి. అసలు కొలాజెన్ అణువు బరువు మూడు లక్షల డాల్టన్లు (అణువుల బరువుకి వాడే కొలత). పెప్టైడ్లది సాధారణంగా రెండు వేల నుంచి అయిదారు వేలు. అందుకే ఇవి చన్నీళ్ళలో కూడా కరుగుతాయి, గడ్డకట్టవు.

ఇది కడుపులోకి వెళ్ళాక ఏమవుతుంది? మామూలు ప్రొటీన్‌లాగే జీర్ణమవుతుంది. చాలా భాగం విడి అమైనో ఆమ్లాలుగా, కొంత రెండు మూడు పూసల ముక్కలుగా రక్తంలోకి వస్తుంది. ఆ చిన్న ముక్కలు రక్తంలో కనబడటం నిజమే. అవి చర్మంలోని కణాలకి "ఇక్కడ కొలాజెన్ తగ్గింది, అల్లండి" అని సంకేతం ఇస్తాయని ఒక వాదం. అంతేగాని తాగిన కొలాజెన్ నేరుగా వెళ్ళి మోకాట్లోనో బుగ్గలోనో అతుక్కోవడం మాత్రం జరగదు.

మరి పనిచేస్తుందా? మీకు అబద్ధం చెప్పి అమ్మడం నాకిష్టం లేదు. రోజుకి రెండున్నర నుంచి పది గ్రాములు, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఇచ్చి చూసిన పరీక్షలు చాలా ఉన్నాయి. చర్మంలో తేమ, సాగుడు కొంచెం మెరుగయ్యాయని వాటిలో ఎక్కువ చెప్పాయి. అయితే 2025లో ఇలాంటి ఇరవై మూడు పరీక్షల్ని కలిపి చూసినప్పుడు, కంపెనీల డబ్బుతో జరిగినవాటిలో మేలు కనబడింది, కంపెనీల డబ్బు లేనివాటిలో కనబడలేదు. కీళ్ళ విషయంలో నొప్పి కొంత తగ్గిందన్న ఫలితాలున్నాయి. అవి కూడా చాలావరకు చిన్న పరీక్షలే. మృదులాస్థిలోని కొలాజెన్‌లో సగం మారడానికి నూరేళ్ళు దాటుతుందని లెక్కకట్టారు. కాబట్టి అరిగిపోయిన గుజ్జు ఈ పొడితో తిరిగి పుడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంత చెప్పాక కూడా "చూద్దామండీ, ఓ మూడు నెలలు వాడతాను" అనేవాళ్ళున్నారు. తప్పు లేదు. చాలామందికి హాని లేని వస్తువే. కాకపోతే డబ్బు దండగ కాకుండా కొనాలి.

డబ్బా చేతిలోకి తీసుకున్నాక

ముందు వైపు బొమ్మలు, "గ్లో", "యూత్" అన్న మాటలు వదిలేసి వెనక్కి తిప్పండి. పోషకాల పట్టిక దగ్గర కొలాజెన్ పెప్టైడ్లు ఎన్ని గ్రాములో వెతకండి. స్కూపు బరువు వేరు, అందులో కొలాజెన్ బరువు వేరు. అసలు మోసమంతా ఈ రెండింటి మధ్యే జరుగుతుంది.

ఒక లెక్క చేసి చూపిస్తాను. ఒక డబ్బా 250 గ్రాములు, ధర 1,500 రూపాయలు అనుకోండి. పది గ్రాముల స్కూపులో కొలాజెన్ ఎనిమిది గ్రాములు. మొత్తం ఇరవై అయిదు స్కూపులు, 200 గ్రాముల కొలాజెన్. గ్రాము ఏడున్నర రూపాయలు పడింది. దాని పక్కనే ఇంకో డబ్బా, 150 గ్రాములు, 900 రూపాయలు. చవగ్గా కనబడుతుంది. కానీ పది గ్రాముల స్కూపులో కొలాజెన్ మూడు గ్రాములే, మిగతాది పంచదార, రంగు, మామిడిపండు వాసన. పదిహేను స్కూపులకి నలభై అయిదు గ్రాములు. గ్రాము ఇరవై రూపాయలు. ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి షాపులోనే ఈ లెక్క చెయ్యండి. షాపువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. నా షాపులో అయితే నేనే చేసి చూపిస్తాను.

పట్టికలో గ్రాములు రాయకుండా "ప్రొప్రయిటరీ బ్లెండ్" అని నాలుగైదు పేర్లు కలిపి ఒకే అంకె వేసినవాటిని తీసుకోవద్దు. గమ్మీలు పిల్లల చాక్లెట్లలా బాగుంటాయి, కానీ చాలా రకాల్లో ఒక్కో గమ్మీకి కొలాజెన్ గ్రాము కూడా రాదు, పంచదార మాత్రం వస్తుంది. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ అయితే పది గ్రాములకి ఇరవై మింగాలి. పెప్టైడ్లు కావాలంటే పొడే సరైనది.

ఒక్క మినహాయింపు ఉంది, అక్కడే ఎక్కువమంది తికమకపడతారు. కీళ్ళ డాక్టర్లు రాసే చిన్న క్యాప్సూల్స్ కొన్నిట్లో "అన్‌డీనేచర్డ్ టైప్ టూ, 40 మిల్లీగ్రాములు" అని ఉంటుంది. కోడిమాంసం తినేటప్పుడు రొమ్ము దగ్గర కటుక్కుమనే తెల్లటి మెత్తెముక ఉంటుంది చూడండి, దాన్నుంచి తీసినది. అది జడ విడిపోకుండా ఉంచిన కొలాజెన్. ఒంటికి ఇటుకలు అందించడానికి కాదు, రోగనిరోధక వ్యవస్థ మన మృదులాస్థి మీద చేసే దాడి తగ్గుతుందన్న ఆలోచనతో ఇచ్చేది. దానికి 40 మిల్లీగ్రాములే మోతాదు. "పొడిలో పది గ్రాములుంటే దీన్లో చిటికెడేనా" అని పోల్చకూడదు, రెండూ వేరు వేరు సరుకులు. అలాగే పెప్టైడ్ల పొడి మీద "టైప్ 1, 2, 3, 5, 10" అని వరస అంకెలు వేసి ధర పెంచితే పట్టించుకోకండి. ముక్కలు చేసేశాక ఏ జడ నుంచి వచ్చిన పూసైనా దాదాపు ఒకటే.

తర్వాత, ఎక్కడి నుంచి తీశారు? "బొవైన్" అంటే ఆవు, ఎద్దు జాతి. "పోర్సైన్" అంటే పంది. "మెరైన్" అంటే చేప తోలు, పొలుసు. "చికెన్" అంటే తెలిసిందే. హలాల్ కావాలనుకునేవాళ్ళు ఆ గుర్తుని విడిగా చూసుకోవాలి. చేపలు పడనివాళ్ళు మెరైన్ జోలికి పోవద్దు, అలర్జీ రావచ్చు. మొక్కల్లో కొలాజెన్ ఉండదు. ఆకుపచ్చ చుక్క వేసి "వీగన్ కొలాజెన్", "కొలాజెన్ బిల్డర్" అని అమ్మేవాటిలో మామూలుగా ఉండేది విటమిన్ సి, జింకు, కొన్ని అమైనో ఆమ్లాలు, ఏవో మొక్కల సారాలు. మా వీధిలో బ్రాహ్మణ కుటుంబం ఒకటి అలాంటిదే వాడుతూ, అందులో కొలాజెన్ ఉందని నమ్ముతోంది. ఆ డబ్బుతో రోజూ ఉసిరికాయ, వేయించిన వేరుశనగలు, గ్లాసు పాలు తెచ్చుకోమని చెప్పాను.

ఇక కలిపిన సరుకులు. హయలురోనిక్ యాసిడ్, గ్లూటాతయోన్, గులాబీ సారం వంటివి ధర పెంచడానికే ఎక్కువ పనికొస్తాయి. కానీ బయోటిన్ దగ్గర ఆగండి, అదొక బి విటమిన్. జుట్టుకి మంచిదని చాలా పొడుల్లో వేస్తారు. మా అక్క థైరాయిడ్ మాత్ర ఏళ్ళ తరబడి ఒకే మోతాదులో వేసుకుంటోంది. పోయినేడు రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను) హఠాత్తుగా బాగా పడిపోయి, టీ4 (థైరాయిడ్ హార్మోను) పెరిగినట్టు వచ్చింది. మాత్ర తగ్గించాలేమో అన్నారు. గుండెదడ లేదు, బరువు తగ్గలేదు, నిద్ర బాగానే పడుతోంది. ఏమేం తింటున్నావే అని వంటింట్లోకి వెళ్ళి చూస్తే, ఫ్రిజ్ మీద కొలాజెన్ పొడి. స్కూపుకి బయోటిన్ పది మిల్లీగ్రాములు. మనిషికి రోజుకి కావలసింది మైక్రోగ్రాముల్లో! బయోటిన్ ఎక్కువైతే కొన్ని ల్యాబ్ పరీక్షలు తప్పు చూపిస్తాయి. థైరాయిడే కాదు, గుండెపోటుని పట్టే ట్రొపోనిన్ పరీక్ష కూడా తప్పవచ్చు. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. అక్క పొడి మానేసి వారం తర్వాత మళ్ళీ రక్తం ఇచ్చింది, అంకెలు ఎప్పట్లాగే వచ్చాయి. మీరు బయోటిన్ ఉన్నది వాడుతుంటే రక్తపరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, డాక్టరుకీ ల్యాబ్‌లోనూ చెప్పండి. అసలు బయోటిన్ లేనిది కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు.

డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశపు ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెల్లో ఉండాలి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీదుందో తెలుస్తుంది. "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని కూడా రాసి ఉంటుంది. అంటే ఇది మందు కాదని చట్టమే వాళ్ళ చేత చెప్పిస్తోంది. అదే డబ్బా మీద ఇంకోపక్క కీళ్ళవాతం నయమవుతుందని రాసుంటే ఆ కంపెనీని నమ్మకండి. చేప సరుకైతే సీసం, పాదరసం పరీక్షల రిపోర్టు బ్యాచ్ నంబరుతో సహా అడగండి. మంచి కంపెనీలు మెయిల్ పెడితే పంపిస్తాయి.

కిడ్నీ జబ్బు ఉండి ప్రొటీన్ తగ్గించమని చెప్పించుకున్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు. కిడ్నీలో రాళ్ళు వచ్చిపోయినవాళ్ళు కూడా జాగ్రత్త. కొలాజెన్‌లోని హైడ్రాక్సీప్రొలైన్ (ఇందాక చెప్పిన, మార్పు జరిగిన ప్రొలైన్ పూస) ఒంట్లో విరిగి చివరికి ఆక్సలేట్‌గా మారుతుంది, రాళ్ళలో ఎక్కువ భాగం అదే. మా వైపు ఎండాకాలంలో రాళ్ళ నొప్పితో వచ్చేవాళ్ళని చూస్తూ ఉంటాను కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు చెబితేనే.

కొలాజెన్ క్రీముల గురించి ఒక్క మాట. అంత పెద్ద అణువు చర్మంలోకి దిగదు. పైన తేమ నిలుపుతుంది, అంతే. చర్మంలో కొలాజెన్ పుట్టేలా చేసే క్రీము కావాలంటే ట్రెటినోయిన్ ఉంది. అది చర్మ డాక్టరు చీటీతో వాడాల్సింది, కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడనిది.

ఇంటికి తెచ్చాక

మొదటి రోజే ఒక పరీక్ష చెయ్యండి. గాజు గ్లాసులో సగానికి చన్నీళ్ళు పోసి, ఒక స్కూపు వేసి చెంచాతో తిప్పండి. పెప్టైడ్లయితే కాసేపట్లో ఉండలు కరిగి దాదాపు తేటగా అవుతుంది. ఉబ్బి జిగురుగా అడుగున కూర్చుంటే, ఫ్రిజ్‌లో పెట్టాక ముద్దకడితే, అది జెలటిన్. జెలటిన్ విషమేం కాదు, కానీ పెప్టైడ్ల ధర పెట్టి కొనాల్సింది కాదు.

పరగడుపునా, రాత్రా అన్న పట్టింపు అక్కర్లేదు. కాఫీలో కలిపినా చెడదు, ముందే ఉడికి విరిగిన సరుకే. చేప పొడి అయితే పాలల్లో నీచు కొడుతుంది, నిమ్మకాయ నీళ్ళలోనో పుల్లమజ్జిగలోనో బాగుంటుంది. రోజూ ఒకే వేళకి తాగితే మర్చిపోరు.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. మొదటి రోజున నొప్పికి పదికి ఎన్ని మార్కులో వెయ్యండి, మెట్లు ఎన్ని ఎక్కగలిగారో రాయండి. చర్మం కోసమైతే ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి, పౌడరు లేకుండా ఫోటో తీసుకోండి. చర్మానికి పన్నెండు వారాలు, కీళ్ళకి మూడు నుంచి ఆరు నెలలు గడువు పెట్టుకోండి. ఆ తారీఖున పుస్తకం తెరిచి చూసి, తేడా లేకపోతే ఆపేయండి. డబ్బా అయిపోయింది కదా అని అలవాటుగా ఇంకోటి తెచ్చుకోకండి. ఇంకో సంగతి, అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. వ్యాయామం, పొడి, కొత్త మాత్ర ఒకే రోజు మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో దేవుడికే తెలియాలి.

పిన్ని విషయంలో అదే చేశాం. డబ్బా పక్కన పెట్టేసింది. చేప పొడి తెచ్చుకుంటానంటే, ముందు ఎనిమిది వారాలు ఆగమన్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పించినట్టు కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి పది లెక్కపెట్టేదాకా నిలపడం, ఒక్కో కాలికి పదిహేను సార్లు, పొద్దునా సాయంత్రమూ. తొడ ముందు కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. రోజూ ఒక గుడ్డు, మధ్యాహ్నం గరిటెడు ఎక్కువ పప్పు, గుప్పెడు అన్నం తక్కువ. ఒంటి బరువు కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని చెబితే పిన్నికి అది బాగా పట్టింది. బరువు చూసుకోవడానికి వారం వారం షాపుకే వచ్చేది.

ఉగాదికి పుస్తకం తెచ్చి చూపించింది. మొదటి పేజీలో నొప్పి ఏడు, మేడ మెట్లు పద్నాలుగులో ఆరు ఎక్కి ఆగాను అని వంకర అక్షరాలతో ఉంది. చివరి పేజీలో నొప్పి నాలుగు, పద్నాలుగూ ఎక్కాను, కమ్మీ పట్టుకున్నాను అని ఉంది. రెండు కిలోలు తగ్గింది. చేప పొడి ఊసు తనే ఎత్తలేదు.

ఆ రాత్రి డల్లాస్ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. గొంతులో ఇంకా బాధ ఉంది. "అక్కా, ఈసారి అమ్మకి ఏం పంపించమంటావు?" అని అడిగింది. నడవడానికి మెత్తటి అడుగున్న బూట్లు పంపమన్నాను. పిన్ని పాదాన్ని కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీసి, కొలతలు వేసి, ఫోటో తీసి పంపించాను.